ఏడో ఫారం

ఆ రోజుల్లో పుస్తకం చదవమని మనకు గుర్తుచేసేవాళ్ళు ఎవరూ లేరు. ఇప్పుడు మా పాప ఫోనులో పొద్దున ఏడుంపావుకు ఒక గంట మోగుతుంది. పది పేజీలు చదవమని ఆ గంటకు అర్థమంట. అది మోగినప్పుడల్లా మా పాప దాని నోరు నొక్కేసి ఇంకో పక్కకు తిరిగి పడుకుంటుంది. ఇన్ని పుస్తకాలు కొన్నాను, ఒక్కటీ చివరిదాకా పోలేదు అని ఆదివారం ఆదివారం దిగులు పడుతుంది. నేను వంటింట్లోంచి నవ్వితే దానికి కోపం. కానీ నేను నవ్వేది దాన్ని చూసి కాదు. దాని వయసులో నేనూ దినమూ చదవాలని ఒట్టు పెట్టుకున్నదాన్నే. నాకు గంట లేదు, ఫోను లేదు, నిజం చెప్పాలంటే పుస్తకం కూడా లేదు. ఆ కథే చెప్తాను, మీరు మాత్రం మా పాపకు చెప్పొద్దండి, నామీద దానికి ఉండే కాస్త మర్యాద కూడా పోతుంది.

నా చదువు ఆరో తరగతి. అదీ హొసకోటె కన్నడ బడిలో. ఇంట్లో మాట్లాడేది తెలుగు, చదవడం రాయడం తెలిసింది కన్నడ, మా పక్క మాలాంటివాళ్ళు ఇట్లనే ఉంటారు. పంతొమ్మిదేండ్లప్పుడు బెంగళూరు మార్కెట్టు వెనక సందులో ఒక బైండింగు షాపులో పనికి చేరినాను. పుస్తకాలు చేసే చోట పని అని మా అవ్వ వీధంతా చెప్పుకుంది (నేనే రాస్తాననుకున్నారు కొందరు). అక్కడ ఎనిమిది మంది ఆడవాళ్ళం, మామీద ఒక మేస్త్రి. ఆయన దగ్గర ఎప్పుడూ ఉడికిన మైదా బంక వాసన వచ్చేది కాబట్టి మేం ఆయనను బంక మేస్త్రి అనేవాళ్ళం, ఆయన లేనప్పుడు. ప్రెస్సునుంచి పెద్ద పెద్ద కాగితాలు వచ్చేవి, ఒక పక్క ఎనిమిది పేజీలు, ఇంకో పక్క ఎనిమిది పేజీలు అచ్చయి. దాన్ని మూడు మడతలు పెడితే పదహారు పేజీల చిన్న కట్ట అవుతుంది. దాన్ని ఫారం అంటారు. ఒకటో ఫారం, రెండో ఫారం, మూడో ఫారం అని వరసగా పెట్టి కుట్టి, అట్ట అంటించి, అంచులు కోస్తే పుస్తకం. నా పని మడిచేది. వెదురు బద్దతో ఒక్క గీత గీస్తే మడత కత్తిలాగ నిలబడాల. కన్నడ పుస్తకాలే ఎక్కువ వచ్చేవి, మధ్య మధ్యలో తెలుగువి. రెండు అక్షరాలూ అక్కాచెల్లెళ్ళే కదా, మడుస్తా మడుస్తానే తెలుగు చదవడం పట్టుబడింది.

ఒక మధ్యాన్నం అన్నాలు తింటా ఉంటే మేస్త్రి తన చేతిమీద ఇరవై యేండ్లలో ఎన్ని వేల పుస్తకాలు పోయినాయో చెప్పుకుంటా ఉన్నాడు. మాలో పెద్దది, పుస్తకాలు కుట్టేది, దారమక్క అని పిలిచేవాళ్ళం, ఆమె ముద్ద నోట్లో పెట్టుకోబోతా ఆగి, "దాంట్లో ఒకటన్నా చదివినావాప్పా?" అనింది. మేస్త్రి నీళ్ళు తాగేదానికి లేచిపోయినాడు. అందరూ నవ్వినారు. నాకు మాత్రం ఆ మాట గుచ్చుకుంది. అన్నం పెట్టే పుస్తకాన్ని ఒక్కదాన్నయినా పూర్తిగా చూడలేదే అని. ఆ పొద్దే ఒట్టు పెట్టుకున్నాను, దినానికి ఒక ఫారం చదవాలని. పదహారు పేజీలు. పుస్తకానికి పన్నెండో పదమూడో ఫారాలుంటాయి, అంటే నెలకు రెండు పుస్తకాలు, సంవత్సరానికి ఇరవై నాలుగు. ఈ లెక్క చూసి నాకే కండ్లు తిరిగినాయి. ఇరవై నాలుగు పుస్తకాలు చదివిన మనిషి మా వీధిలో లేదు, మా చుట్టాల్లో లేదు, బహుశా హొసకోటెలోనే లేదనుకున్నాను.

కట్టయిపోయిన పుస్తకం తీసుకుపోతే దొంగతనం. లెక్కపెట్టి మూట కడతారు. కానీ ఫారం అంటే నా కంటికి ఉత్త కాగితమే, దాంట్లో నాలుగైదు ఎప్పుడూ ఎక్కువే పంపుతారు ప్రెస్సువాళ్ళు, పాడైపోతాయని. కాబట్టి సాయంత్రం ఒకటి అన్నం సంచిలో పెట్టుకొని హొసకోటె బస్సెక్కేది, బస్సులో చదివేది, తెల్లారి తెచ్చి కుప్పలో పెట్టేది. మొదటి దినం బస్సులో కూర్చొని ఫారం తీస్తే, అయ్యో, అంచులు కోయని ఫారం కదా, పేజీలు పైన అతుక్కొని ఉండాయి. విప్పితే తప్ప చదవలేం. విప్పితే అది దుప్పటంత కాగితం, సగం పేజీలు తలకిందులు. ఒక పేజీ చదివి, కాగితం తిప్పి, ఇంకొకటి వెనక పక్క వెతికి, మళ్ళీ తిప్పి. పక్కన కూర్చున్నామె మొహమంతా కాగితమే. కండక్టరు వచ్చి టికెట్టు చించుతా, "ఏనమ్మా, మ్యాపులో మీ ఊరు ఎక్కడుందో వెతుకుతా ఉండావా?" అన్నాడు. బస్సంతా నవ్వింది. తర్వాత నేర్చుకున్నాను, మడత విప్పకుండా జేబులోకి తొంగిచూసినట్టు ఒక కన్ను పెట్టి చదవడం. మెడ పట్టేసేది గానీ చదువు సాగేది.

సాగింది గానీ ఎట్ల సాగింది అనేదే కథ. ప్రెస్సువాళ్ళు ఒకటో ఫారం తర్వాత రెండోది, రెండోదాని తర్వాత మూడోది అని నాకోసం అచ్చెయ్యరు కదా. ఈ పొద్దు ఒక నవల నాలుగో ఫారం వస్తే, రేపు పట్టుపురుగుల పెంపకం పదో ఫారం, ఎల్లుండి చక్కెర జబ్బు పుస్తకం రెండోది. ఒక పుస్తకం అన్ని ఫారాలూ ఒకేసారి వచ్చినా, ఒకటో రెండో నా చేతికి చిక్కేలోపల మిగతావి కుట్టుడు బల్ల మీదికి పోయేవి. నేను ఒట్టు తప్పలేదు. ఒక సంవత్సరమంతా, పండగలు తీసేస్తే, దినానికొక ఫారం చదివినాను. సంవత్సరం అయినాక చూసుకుంటే ఒక్క పుస్తకమూ పూర్తి కాలేదు. మూడొందల పుస్తకాల నడుములు తెలుసు నాకు, ఒక్కదానికీ తలా తెలీదు, కాళ్ళూ తెలీదు. ఒక పెళ్ళి ఎందుకు కుదిరిందో తెలీదు, ఆ కాపరం నిలిచిందో లేదో తెలీదు, భోజనాలకు మాత్రం నేను ఉన్నాను. చక్కెర జబ్బువాళ్ళు ఏం తినకూడదో నోటికొచ్చు, తింటే ఏమవుతుందో తర్వాతి ఫారంలో ఉండె. ఒక హత్య జరిగింది, చంపినవాడు దొరికేది ఆఖరి ఫారంలో, నేను చదివింది ఆరోది, కాబట్టి ఆ యేడాదంతా ఆ ఇంట్లో అందరిమీదా నాకు అనుమానమే. అయినా ఏం చెప్పను, చదివింది చదివినట్టు మనసులో అచ్చుపడిపోయేది. పొద్దున వచ్చి పని చేస్తా దారమక్కకు పదహారు పేజీలూ చెప్పేదాన్ని. "ఆమీదికి?" అనేది. "తెలీదక్కా." "దానికి ముందర?" "అదీ తెలీదు." "పనికిమాలిన కథలన్నీ నీకే దొరుకుతాయే" అని మళ్ళీ సూదిలో దారం ఎక్కించుకొనేది.

అట్లుండగా ఒక తెలుగు నవల వచ్చింది. ఐదొందల కాపీలు, పదమూడు ఫారాలు. నా చేతికి చిక్కింది ఏడో ఫారం. దాంట్లో ఒక నది, రేవు, పడవ నడిపే ఒక ముసలి మామ, ఆయన కోడలు. ఆ పదహారు పేజీలు చదివి నేను హొసకోటెలో దిగడం మరిచిపోయి రెండు స్టాపులు ముందుకు పోయి నడిచి వచ్చినాను. మామూలుగా తెల్లారితే ఫారం వాపసు పోవాల. ఆ పొద్దు సంచి చూస్తే లేదు. అవ్వను అడిగితే, "ఆ కాగితమా? ఎదురింటామెకు పితికిపప్పు పొట్లం కట్టిచ్చినాను కదా" అనింది. మాకు అవరెకాయల, అంటే అనపకాయల, కాలం వస్తే అంతే, నానబెట్టి, పొట్టు పితికి, తడితడి గింజలు వీధంతా పంచుతుంది. పరిగెత్తి ఎదురింటికి పోతే ఆమె పప్పు ఉడకబెడతా ఉండాది, పొట్లం తడిసిందని పొయ్యిలో వేసింది. "మంచి కాగితమమ్మా, బాగా మండింది" అని మెచ్చుకుంది కూడా.

నేను భయపడలేదు. నాలుగైదు ఎక్కువ ఉంటాయి కదా అనుకున్నాను. షాపుకు పోతే ఎక్కువున్న ఏడో ఫారాలన్నీ పాడైపోయి ఉండాయి, ముందురోజు మేస్త్రి చేతినించే బంక డబ్బా ఒలికి. సరిగ్గా ఐదొందలే మిగిలినాయి, ఐదొందలలో ఒకటి మా ఎదురింటి పొయ్యిలో. పదమూడు కుప్పలు పెట్టుకొని, బల్ల చుట్టూ తిరుగుతా ఒక్కో కుప్పలోంచి ఒకటెత్తి పుస్తకం పేర్చడం మా పద్ధతి. ఆఖరి పుస్తకం పేర్చేటప్పటికి ఏడో కుప్ప ఖాళీ. ఆఖరున తిరుగుతా ఉన్నది నేనే. అప్పుడే చెప్పేసి ఉంటే ఒక పుస్తకం తక్కువని మేస్త్రి నాలుగు తిట్లు తిట్టి ఊరుకొనేవాడేమో. కానీ రెండు నెలల ముందర ఒకామె చెత్త కాగితాలు ఇంటికి తీసుకుపోయిందని అదే సాయంత్రం పనిలోంచి తీసేసినాడు. నాకు ఆ పని పోతే అవ్వకు నాకు గంజి కూడా కష్టం, దానికి మించి, ఆ కాగితాల దగ్గరికి నన్ను మళ్ళీ ఎవరు రానిస్తారు? ఎనిమిదో కుప్పలో ఎక్కువున్న ఫారం ఒకటి తీసి ఏడో చోట పెట్టేసినాను. అంటే ఆ పుస్తకంలో ఎనిమిదో ఫారం రెండుసార్లు, ఏడోది అసలుకే లేదు. లావు చూస్తే ఏమీ తేడా తెలీదు.

కానీ ఒక చిక్కుంది. ప్రతి ఫారం వీపు మీద ఒక నల్ల గీత అచ్చేసి ఉంటుంది, ఒకటోదానికి పైన, రెండోదానికి కొంచెం కిందికి, అట్ల. అన్నీ సరిగ్గా పేర్చితే వీపుమీద మెట్లమాదిరి దిగుతాయి గీతలు. మేస్త్రి చదవడు గానీ ఆ మెట్లు చూస్తే దొంగ దొరికిపోతాడు. అందుకని నేను ఏడో చోట పెట్టిన ఫారం మీది గీతను బ్లేడుతో గీకేసి, కంటికున్న కాటిక వేలితో తీసి, ఏడో మెట్టు ఎక్కడ ఉండాలో అక్కడ పెట్టినాను. ఎంత చక్కగా పెట్టినానంటే మేస్త్రి వరసంతా చూసి, "ఈ పొద్దు పేర్చుడు బాగుండాది" అన్నాడు. ఐదొందల పుస్తకాలూ కుట్టుడయి, అట్టలు పడి, దాదాపు అన్నీ ఆంధ్రాకు లారీలో పోయినాయి. ఇక్కడ బెంగళూరులో ముందుగా చెప్పుకున్నవాళ్ళకు పంచేదానికి పది కాపీలు మాత్రం ఆగినాయి. ఆ పదిలో అది ఉంటుందని నేను కలలో కూడా అనుకోలేదు.

పదిహేను దినాలు కాలేదు. ఒక పొద్దున పలచగా, ఎత్తుగా, తెల్లచీర కట్టుకున్న ఒక పెద్దామె షాపు మెట్లెక్కి వచ్చింది. చేతిలో ఆ పుస్తకం. ఆంధ్రానించి వచ్చి ఇక్కడ తెలుగు పాఠాలు చెప్పి రిటైరయిన టీచరమ్మ అంట, రెండు వీధులవతల ఇల్లు. గొడవ చేసేదానికి రాలేదని ముందే చెప్పింది. పొద్దున కాఫీ తాగినాక ఇరవై పేజీలు చదవడం తనకు నలభై యేండ్లుగా అలవాటంట. జ్వరమొచ్చినా, ఇంట్లో పెళ్ళయినా, ఇరవై పేజీలు. మొదలుపెట్టిన పుస్తకం ఒక్కటీ సగంలో వదిలింది లేదంట. ఆ మాట వినగానే నాకు చేతిలో బద్ద జారిపోయింది. నలభై యేండ్లు. నేను మనసులో లెక్క వేయబోయి వేయలేకపోయినాను. అన్ని పుస్తకాలు, తలతో, కాళ్ళతో సహా, ఆ సన్నటి మనిషి లోపల ఉండాయా అని ఆమెనే చూస్తా నిలబడిపోయినాను. దేవుడి తేరు వీధిలో వస్తే చూస్తాం చూడండి, అట్ల.

మేస్త్రి పుస్తకం తీసుకొని పేజీలు తిప్పినాడు, తొంభై ఆరు తర్వాత నూట పదమూడు. మొహం ఎర్రగా అయింది. వీపు దగ్గర అట్ట చించి మెట్లు చూసినాడు. సరిగ్గా ఉండాయి. నమ్మలేక వేలు తడి చేసి ఏడో మెట్టు మీద రుద్దినాడు, వేలికి నల్లగా జిడ్డు అంటుకుంది. వాసన చూసినాడు. "ఇది ప్రెస్సు సిరా కాదు. కాటిక" అన్నాడు నిదానంగా. తలెత్తి మమ్మల్ని చూసినాడు. ఎనిమిది మంది ఆడవాళ్ళం, పదహారు కండ్లు, పదహారు కండ్లకూ కాటిక (పేజీకొక కన్ను, ఒక ఫారానికి సరిపోతాయి). ఒక్కొక్కరి ముందర నిలబడి కండ్లలోకి చూస్తా పోయినాడు. దారమక్క, "నా కంట్లో ఏం వెతుకుతావప్పా, నలకా?" అంటే కూడా ఆయన నవ్వలేదు. ఎవరు చేసినారో తెలిస్తే ఈ పూటకే ఆఖరు, మళ్ళీ ఈ సందులో ఏ షాపులోనూ పని దొరకకుండా చేస్తాను అన్నాడు. నేను తల దించుకొని మడుస్తా ఉన్నాను. మడిచిన ఫారాన్నే మళ్ళీ మడుస్తా ఉన్నాను.

నోరు మూసుకొని ఉంటే బతికిపోయేదాన్ని. ఆయన ఎనిమిది మందినీ తీసేయలేడు కదా. కానీ టీచరమ్మ మేస్త్రిని చెయ్యెత్తి ఆపి, ఎవరినీ ఏమీ అనొద్దు, నాకు ఆ పదహారు పేజీలు కావాలి, అంతే అనింది. ఇక్కడివన్నీ పంచేసినారు, వేరే కాపీ ఆంధ్రానించి తెప్పించేదానికి ఎన్ని దినాలో అని మేస్త్రి అంటే, అప్పటిదాకా ఆగలేనంది. "ఆ మామగారు కోపంగా రేవుకి వెళ్ళాడయ్యా, పేజీ తిప్పితే కోడలు ఒక్కతే పడవ నడుపుతోంది. ఆయన ఊసే లేదు. నాకు రెండురోజుల్నించి అన్నం సహించడం లేదు. నేను అనుకోవడం, ఆ పిల్లే ఆయన్ని నీళ్ళలోకి తోసేసింది."

ఆ కోడలి మీద అంత నింద. ఆ పిల్ల ఎట్లాంటిదో నాకు తెలుసు, నేను ఆ పదహారు పేజీలూ దానితో పడవలో కూర్చున్నదాన్ని. ఇంత చదువుకున్న పెద్దామె దాన్ని హంతకురాలు అనుకుంటా ఇంటికి పోతే, నా వల్లే కదా.

"తోసేయలేదు మేడం," అన్నాను. "తెడ్డు ఆయనే ఇచ్చినాడు."

ఎవరో కోత మిషను ఆపినారు. మేస్త్రి నావైపు తిరిగి, "నీకెట్ల తెలుసు?" అన్నాడు. నేను చెప్పినాను. ఒట్టు సంగతి, అన్నం సంచి సంగతి, పితికిపప్పు, పొయ్యి, కాటిక, అన్నీ. ఏడ్చినానో లేదో గుర్తు లేదు, దారమక్క మాత్రం ఏడ్చినావని ఇప్పటికీ అంటుంది. అంతా అయినాక మేస్త్రి నోరు తెరవబోతే టీచరమ్మ స్టూలు లాక్కొని నా ఎదురుగా కూర్చుంది. కండ్లద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "తొంభై ఏడో పేజీ నుంచి చెప్పమ్మా" అనింది.

చెప్పినాను. ముప్పై యేండ్లు ఆ తెడ్డును ఎవరినీ తాకనీయని మామ, ఆయన లేనప్పుడు నొప్పులొచ్చిన ఒక మనిషిని పడవలో అవతలికి దాటించిందని కోడలిమీద కోపంతో రేవుకు వచ్చినాడు. పడవెక్కు అన్నాడు. ఎక్కింది. నడుమ నదికి పోయినాక తెడ్డు నీళ్ళలోంచి పైకెత్తేసి, ఇప్పుడు నీళ్ళు మనల్ని ఎటు లాగుతా ఉండాయి చెప్పు అన్నాడు. కోడలు నీళ్ళు చూడకుండానే, కాళ్ళకింద చెక్కలో తెలిసింది తెలిసినట్టు చెప్పింది. అప్పుడు వాన పడతా ఉండింది. ఆ వానలో ఆయన తలకున్న తువ్వాలు విప్పి కోడలి తలమీద వేసి, తెడ్డు దాని ఒళ్ళో పెట్టినాడు. అవతలి ఒడ్డున దిగి, తన అక్క ఊరికి పోయే బాటలో నడిచిపోయినాడు, వెనక్కి చూడకుండా. ఆ పిల్ల ఆ ఒడ్డునుంచి ఈ ఒడ్డుకు మొదటిసారి ఒంటరిగా వచ్చింది. పదహారు పేజీలు, ఒక్క మాట మింగకుండా చెప్పినాను. కండ్లు మూసుకుంటే పేజీలో ఏ మాట ఎక్కడ ఉండాదో కనిపిస్తా ఉండె. ఆపినాక చూస్తే దారమక్క సూది గాలిలో ఉండాది. బంక పూసి పెట్టిన నలభై అట్టలు ఒకదానికొకటి అంటుకొని ఎండిపోయి ఉండాయి, వాటిని చూసుకోవాల్సిన మేస్త్రి గోడకు ఆనుకొని నిలబడి ఉండాడు. ఇరవై యేండ్లు ఆయన చేతిమీదనించి పోయిన కథల్లో ఆయన విన్నది ఇదొక్కటేనేమో.

"ఆమీదికి?" అన్నాడు మేస్త్రి.

"తెలీదు మేస్త్రీ" అన్నాను.

టీచరమ్మ కండ్లద్దాలు మళ్ళీ పెట్టుకుంది. ఈ పుస్తకం మొదలు కూడా తెలీదా అనింది. తెలీదన్నాను. ఏ పుస్తకానిది తెలుసు అనింది. ఏదీ పూర్తిగా చదవలేదని చెప్పేదానికి సిగ్గయింది, అయినా చెప్పినాను. ఆమె మేస్త్రి వైపు తిరిగి ఏమీ అడగలేదు, ఊరికే చూసింది, బడిలో పిల్లలను చూసినట్టు. మేస్త్రి గొంతు సవరించుకొని, తప్పు తప్పే, ఆరు దినాలు పనికి రావద్దు, ఏడో దినం రా, అప్పుడు కూడా సంచి చూపించి పోవాల అన్నాడు. పని పోలేదని నాకు అర్థమయ్యేదానికి కాసేపు పట్టింది. ఆ ఆరు దినాలూ తన దగ్గరికి రమ్మంది టీచరమ్మ.

పోయినాను. ఇంట్లో అవ్వకు చెప్పలేదు, రోజూ మామూలుగానే అన్నం సంచి కట్టుకొని బస్సెక్కేదాన్ని. టీచరమ్మ ఇంటి వసారాలో చాప, గోడపొడుగునా పుస్తకాలు, ఒక్కదానికీ దుమ్ము లేదు. నాకు కాఫీ ఇచ్చి ఆ పుస్తకం చేతిలో పెట్టేది. మొదటి పేజీ. నేను పుస్తకానికి మొదటి పేజీ చదవడం అదే మొదలు, నమ్మండి. ఎవరో తలుపు తీసి లోపలికి రమ్మన్నట్టు అనిపించింది. ఎవరికి ఎవరు ఏమవుతారో చెప్తారు, ఊరు చూపిస్తారు, ఏమీ తొందర లేదు. ఇంత మర్యాద ఉంటుందని నాకేం తెలుసు, నేనెప్పుడూ నడుములో దూకినదాన్ని కదా. నేను పైకి చదవాలి, ఆమె వింటుంది, ఇరవై పేజీలు. ఇరవయ్యో పేజీలో మాట సగంలో ఉన్నా ఆపేసేది. ఇంకొంచెం మేడం అంటే, రేపు ఏం చదువుతావు అనేది. ముడిపడిన చోట ఆపాలంట, అప్పుడే రేపు కాళ్ళు వాటంతటవే వస్తాయంట. నిజమే. రాత్రి అన్నం తింటా ఉన్నా ఆ మామ మీదే ధ్యాస.

నాలుగో దినం ఆంధ్రానించి మంచి కాపీ వచ్చింది. ఆరో దినం మేం ఏడో ఫారంలోనే ఉండాం. నాకు గర్వంగా ఉండె, ఈ పేజీలు నావి కదా. తలెత్తి, గొంతు పెంచి చదువుతా ఉండాను. నడుమ నది వచ్చింది, తెడ్డు పైకెత్తినాడు, కోడలు చెప్పింది. తువ్వాలు విప్పినాడు. నేను చదువుతా ఉండాను, మిట్టమధ్యాన్నం, ఎండ మాడిపోతా ఉండాది, నెత్తికి ఎండ తగలకుండా తువ్వాలు వేసినాడు. నా గొంతు తగ్గింది. పేజీ తిప్పి చూసినాను, మళ్ళీ వెనక్కి తిప్పినాను.

"వానేదమ్మా?" అనింది టీచరమ్మ.

నేను పేజీని ఇంకొకసారి చూసి, "ఈ కాపీలో తీసేసినట్టుండారు మేడం" అన్నాను.

ఆమె నవ్వింది. కండ్లద్దాలు జారి ఒళ్ళో పడేదాకా నవ్వింది. ఆ పొద్దే నాకు నా జ్ఞాపకం మీద ఉన్న పొగరు సగం విరిగింది. తర్వాత నిదానంగా గుర్తుకు తెచ్చుకున్నాను. ఆ ఫారం చదివిన సాయంత్రం బస్సులో తుపాను జల్లు. కిటికీ మూసుకోక, కాగితం తడవకుండా ఒళ్ళో పొదువుకొని, మొహమంతా చినుకులు పడతా ఉంటే చదివినాను. ఎవరో ఏ ఊర్లోనో కూర్చొని రాసిన ఎండలోకి మా హొసకోటె వాన ఎట్ల పోయి పడిందో, నేనే తెచ్చిపోసినానో, నాకు తెలీకుండా అదే వచ్చిందో. టీచరమ్మతో చెప్తే ఆమె నవ్వడం ఆపింది. పెన్సిలు తీసి ఆ పేజీ అంచున చిన్న అక్షరాలతో "ఇక్కడ వాన" అని రాసింది. నలభై యేండ్లలో పుస్తకం మీద పెన్సిలు పెట్టడం అదే మొదలంట.

మిగతా పేజీలు పనిలోంచి వచ్చేటప్పుడు, ఒక్కో సాయంత్రం ఇరవై చొప్పున చదివినాను. ఆఖరి దినం ఎనిమిది పేజీలే మిగిలినాయి. చదువుతా చదువుతా ఒకచోట మాటలు ఆగిపోయినాయి, కింద ఖాళీ. తిప్పితే ఉత్త తెల్ల కాగితం. నాకు ఏం చేయాలో తెలీలేదు. లేచి నిలబడాలా, చేతులు జోడించాలా, ఎవరితోనన్నా చెప్పాలా. నా ఒంట్లో అంత పెద్దది ఏదో కూర్చొని ఉండాది, దాన్ని ఎత్తుకొని ఎట్ల లేచేది. సిగ్గు విడిచి అడిగినాను, "అయిపోయినాక ఏం చేస్తారు మేడం?"

"ఏమీ చేయరమ్మా," అనింది టీచరమ్మ. "కాసేపు కూర్చుంటారు."

కూర్చున్నాం ఇద్దరమూ. వీధిలో పూలమ్మేది పోయింది, ఎవరో స్కూటరు నిలిపినారు, కాఫీ చల్లబడింది.

ఆ తర్వాత ఎన్ని పుస్తకాలయినాయో నేను లెక్క పెట్టుకోలేదు. టీచరమ్మ ఇరవై పేజీల మనిషి, నేను మాత్రం ఫారం లెక్కే, పదహారు కాగానే మాట సగంలో ఉన్నా మూసేస్తాను. వంట అయినాక, మా పాప ఆఫీసుకు పోయినాక చదువుతాను. ఎప్పుడైనా ఒక పుస్తకం అయిపోతే ఇప్పటికీ వెంటనే లేవలేను. మొన్న అట్లనే కూర్చొని ఉంటే పాలు పొంగిపోయి పొయ్యంతా పారింది. తుడుస్తా ఉంటే నవ్వొచ్చింది, అయిపోయినాక ఏం చేస్తారని అడిగిన ఆ పంతొమ్మిదేండ్ల పిల్ల గుర్తుకొచ్చి. ఎంత అమాయకంగా అడిగిందో. అంత గట్టిగా ఆశ్చర్యపోయే బలం ఇప్పుడు నాకు ఎక్కడుంది గానీ, ఒక్కోసారి ఆఖరి పేజీ దగ్గర ఆ పిల్ల వచ్చి నా పక్కన కూర్చుంటుంది. నేను లేపను.